సమారా బెల్ ఎక్కడుంది?

ఖబూరాలో సముద్రానికి రెండు వీధులు ఇవతల ఉన్న ఆ చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే యెహెజ్కేలుకు జూన్ నెల వస్తే పండగే. జూన్ నుంచి నవంబరు దాకా అట్లాంటిక్ మహాసముద్రంలో తుఫాన్లు పుడుతుంటాయి. ఆ తుఫాన్లకీ ఆయనకీ ఏ చుట్టరికమూ లేదు. ఆయనది కోనసీమలో మలికిపురం పక్క పల్లె. ఒమాన్ వచ్చి పదహారేళ్లయింది. అట్లాంటిక్ ఒడ్డున ఏ దేశంలోనూ తెలిసినవాళ్లు లేరు. అయినా సరే, ఆఫ్రికా తీరం దగ్గర నాలుగు మబ్బులు గుంపు కట్టాయంటే ఇక్కడ ఈయన కంచంలో అన్నం చల్లారిపోయేది.

అక్కడి వాతావరణ కేంద్రం రోజుకు నాలుగుసార్లు బులెటిన్ ఇస్తుంది. ఒమాన్ లెక్కలో పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఏడింటికి, మళ్లీ అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకి. ఆ చివరిది మాత్రం భార్య డయానాకు భయపడి వదిలేసేవాడు. మిగతా మూడూ చదివి, ఎక్స్‌రే గది గోడకు అంటించిన పెద్ద మ్యాపు మీద తుఫాను ఉన్నచోట ఎర్రటి గుండుసూది గుచ్చేవాడు. అదే ఆసుపత్రిలో నర్సు అయిన డయానా ఆ మ్యాపుకు "నా సవతి" అని పేరు పెట్టింది. మిగతా స్టాఫంతా ఆయన్ని తుఫాను సార్ అనేవారు.

ఆ పిచ్చి ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. 2021 అక్టోబరులో తుఫాను ఇక్కడి బాతినా తీరం మీద పడ్డప్పుడు ఆసుపత్రి కింది అంతస్తులోకి నడుములోతు నీళ్లొచ్చాయి. రోగుల్ని మంచాలతో సహా పైకి మోశారు. ఆ గోలలో యెహెజ్కేలు చేతిలో ఫోను ఉంది, ఫోనులో ఆ తుఫాను మ్యాపు ఉంది. గాలి ఎన్ని గంటలకు తగ్గుతుందో, ఏ దిక్కుకు తిరుగుతుందో దాంట్లో చూసి పైకి చెప్తూ ఉన్నాడు. చెప్పిన వేళకే గాలి తగ్గింది. ఇంట్లో ఫ్రిజ్, మంచం, కారు అన్నీ పోయాయి గానీ, ఆ రోజు నుంచి ఆయనకో సంగతి మనసులో నాటుకుంది. వచ్చేదాన్ని ఆపలేకపోయినా, అది ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలిస్తే మనిషి కాళ్లు వణకవు. అప్పటినుంచి చదవడం మొదలుపెట్టాడు. అరేబియా సముద్రంలో తుఫాన్లు ఏడాదికి ఒకటో రెండో. అవి చాలక అట్లాంటిక్ మీద పడ్డాడు. అక్కడైతే విమానాలు తుఫాను కంట్లోకే దూరి కొలతలు తెస్తాయి. చదువుకున్నవాడికి చదువుకున్నంత.

నాలుగేళ్ల తర్వాత సెప్టెంబరులో అట్లాంటిక్‌లో పుట్టిన తుఫానుకు మారియెటా అని పేరు పెట్టారు. యెహెజ్కేలు దాన్ని పది రోజులుగా చంటిపిల్లను పెంచినట్టు పెంచుకొస్తున్నాడు. బుధవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నం కలుపుకుంటూ ఒంటిగంట బులెటిన్ తెరిచాడు.

"నాలుగైపోయిందండోయ్! అయిదింట్లో కేటగిరీ నాలుగు!" అన్నాడు, ఆపుకోలేక, గట్టిగా. "నిన్నటిదాకా రెండే. రాత్రికి రాత్రి ఎలా బలిసిందో చూడండి. కన్ను చూడండి, గుండ్రంగా, గిన్నె బోర్లించి గీసినట్టు!"

రెండు బల్లల అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. క్యాజువాలిటీలో పనిచేసే అబిగైల్ లేచి నిలబడింది. కాకినాడ అమ్మాయి. వచ్చి ఏడాదయింది. పెళ్లయి ఏడాదిన్నర. ఆమె భర్త స్యాం ఓడల్లో పనిచేస్తాడని అందరికీ తెలుసు గానీ ఏ సముద్రంలో తిరుగుతున్నాడో ఎవరూ అడగలేదు. ఆమె నేరుగా యెహెజ్కేలు దగ్గరికొచ్చి ఫోను బల్లమీద పెట్టింది.

"బ్రదర్ గారూ, మా ఆయన దీంట్లోనే ఉన్నాడండి."

ఫోనులో ఓ బొమ్మ ఉంది. నీలం సముద్రం, దానిమీద సుడి తిరుగుతున్న తెల్లటి తుఫాను, ఆ సుడి నడుమ ఆకుపచ్చ బాణం గుర్తు. గుర్తు పక్కన ఓడ పేరు: సమారా బెల్.

"మా మరిది పంపించాడండి పొద్దున. మా అత్తయ్య అప్పట్నుంచి లేవలేదంట. నేను డ్యూటీలో ఉన్నాను కదా, ఇప్పుడే చూశాను." గొంతు మామూలుగానే ఉంది.  "ఆదివారం మాట్లాడాడు. అమెరికాలో గోధుమలెత్తుకుని ఈజిప్టు వెళ్తున్నామన్నాడు. ఆ తర్వాత ఫోన్ లేదు, మెసేజ్ లేదు."

యెహెజ్కేలు నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మింగి, చెయ్యి కడుక్కుని వచ్చి బొమ్మను దగ్గరగా చూశాడు. పెద్దది చేసి చూశాడు. అడుగున చీమతలంత అక్షరాల్లో తేదీ ఉంది.

"కూర్చోమ్మా. ఇలా కూర్చో. ఇది చూడు ముందు. ఈ తుఫాను బొమ్మ ఇవాళ్టిది. ఓడ గుర్తు మటుకు ఇవాళ్టిది కాదు. సోమవారం సాయంత్రానిది. నలభై గంటలైంది. ఒడ్డుకు దూరంగా పోయాక ఓడల జాడ ఊరికే దొరకదు. చివర ఎక్కడ కనబడిందో అక్కడే గుర్తు నిలబెట్టేస్తారు వీళ్లు. మీ మరిది ఆ పాత గుర్తుని, ఈ కొత్త తుఫానుని ఒకే బొమ్మలో చూసి బెదిరిపోయాడు. అంతే."

"అయితే ఓడ అక్కడ లేదా?"

"సోమవారం ఉంది. నలభై గంటల్లో ఓడ ఎంత దూరం పోతుందో లెక్కేసుకో. నాలుగు వందల మైళ్ల పైన."

 అబిగైల్ వెంటనే కాకినాడకు ఫోను చేసి ఆ మాటే అత్తగారికి చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా తేలికపడి మళ్లీ అన్నాలు కలుపుకున్నారు.

యెహెజ్కేలు మాత్రం తేలికపడలేదు. ఆ చీమతల అక్షరాల్లో తేదీ పక్కన ఇంకొకటి రాసి ఉంది. ఓడ వేగం. గంటకు పన్నెండు మైళ్లు పోవాల్సిన ఓడ మూడు మైళ్లతో పోతోందని ఉంది. సోమవారం సాయంత్రం, తుఫాను దారికి ఎదురుగా, నడిసముద్రంలో, మూడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు. బొమ్మను మామూలు సైజుకు తెచ్చి ఫోను ఆమెకిచ్చేశాడు.

మధ్యాహ్నమంతా మనసు మనసులో లేదు. మణికట్టు విరిగిన ముసలి జాలరి ఒకాయనకు చెయ్యి ఎటు పెట్టాలో చెప్పబోయి రెండుసార్లు కుడిని ఎడమ అన్నాడు. పని తెమిలాక మ్యాపు ముందు నిలబడ్డాడు. ఎర్ర గుండుసూదులు వరసగా, ఆఫ్రికా నుంచి వంపు తిరుగుతూ వచ్చాయి. పది రోజులుగా ఒక్కో సూది గుచ్చుతూ తను మనసులో ఏమనుకున్నాడో గుర్తొచ్చింది. ఇంకొంచెం బలపడాలి. ఇంకొంచెం. కేటగిరీ నాలుగు చూడాలి. నీళ్లలో నిలబడి రోగుల్ని మోసిన మనిషి తను. అలాంటి నీళ్లు ఎక్కడో ఎవరిమీదో పడాలని ఎదురు చూశాడు. ఆ సముద్రంలో మనుషులుంటారన్న సంగతి చదువుతూనే మర్చిపోయాడు. 

సాయంత్రం ఏడింటి బులెటిన్‌కు అబిగైల్ వాళ్లింటికే వచ్చింది. ఆసుపత్రి క్వార్టర్సులో ఆమెది పైపోర్షను. డయానా టీ ఇచ్చి పక్కనే కూర్చుంది. యెహెజ్కేలు డైనింగ్ టేబుల్ మీద చిన్న మ్యాపు పరిచాడు. తుఫాను ఓడ గుర్తున్న చోటు మీదుగానే ఉత్తరానికి తిరిగింది. వేలితో చూపిస్తూ మొదలుపెట్టాడు.

"తుఫానుకు కుడిపక్క గాలి ఎక్కువమ్మా, ఎడమపక్క కాస్త తక్కువ. కెప్టెన్లకు ఇదంతా కంఠతా వచ్చు. మన కెప్టెన్ ఏం చేసుంటాడంటే, దాన్ని ముందు పోనిచ్చి, ఇదిగో ఇక్కడ, ఎడమపక్కన ఉండిపోయి ఉంటాడు. నెమ్మదిగా. రేపటికి సముద్రం తగ్గుతుంది, అప్పుడు మళ్లీ..."

"నెమ్మదిగా ఎందుకుంటాడు బ్రదర్? పారిపోవచ్చు కదా?"

"అంటే, అదీ ఓ పద్ధతే. ఒక్కోసారి..."

డయానా కప్పు కింద పెట్టింది. "ఈయన ఏదో దాస్తున్నాడమ్మాయ్. పదిహేనేళ్ల కాపురం నాది. ఆ చెవి వెనకాల గోక్కుంటున్నాడంటే నోట్లో ఇంకో మాట ఉన్నట్టే."

యెహెజ్కేలు చెయ్యి చెవి దగ్గరే ఆగిపోయింది.

అబిగైల్ ఆయన వైపు తిరిగింది. ఏడవలేదు. "బ్రదర్ గారూ, నేను క్యాజువాలిటీలో పనిచేస్తానండి. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకి సగం చెప్పి సగం దాచేది నేనే. వాళ్ల మొహాలు రోజూ చూస్తాను. దాచిన సగం వాళ్లకి తెలిసిపోతూనే ఉంటుంది. అది ఏంటో తెలియకే వాళ్లు ఇంకా నలిగిపోతారు. నాకు సగం చెప్పకండి."

ఆయన చేతులు రెండూ టేబుల్ మీద పెట్టాడు.

"సోమవారం సాయంత్రం ఓడ మూడు మైళ్ల వేగంతో ఉందమ్మా. పన్నెండు ఉండాలి. కెప్టెన్ కావాలని తగ్గించి ఉండొచ్చు. లేకపోతే ఇంజన్ ఆగిపోయి, నీళ్లు తోసుకుపోతున్న వేగమైనా అయ్యుండొచ్చు. రెండింట్లో ఏదో నాకు తెలీదు. ఇంజన్ ఆగి, బాగుపడకపోయి ఉంటే..." ఆగాడు. "అప్పుడు ఆ బొమ్మ నిజమే అవుతుంది. ఇదే నేను దాచింది. క్షమించు."

 డయానా అబిగైల్ భుజం మీద చెయ్యేసింది. కాసేపటికి అబిగైల్ తలూపింది. "ఆయన ఇంజన్ రూములోనే కదండి పని. ఫిట్టరు. ఆగిపోతే బాగుచేసేది ఆయనే," అంది. ఆ మాట భయంతో అందో ధైర్యంతో అందో ఆమెకే తెలియనట్టుంది. "ఆయన్ని ఓడెక్కించిన ముంబై ఏజెంటుకి మా మరిది నాలుగుసార్లు చేశాడంట. అందరూ సేఫ్, ఫికర్ మత్ కరో అంటున్నాడంట. అడిగినవాళ్లందరికీ అదే మాట."

"సేఫేనా అని అడిగితే ఎవడైనా సేఫనే అంటాడమ్మా," అన్నాడు యెహెజ్కేలు. "ప్రతి ఓడా రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి కంపెనీకి రిపోర్టు పంపించాలి. ఎక్కడున్నామో, ఎంత వేగంలో ఉన్నామో, గాలెంతో. తుఫాను లెక్కలు కట్టేవాళ్లు కూడా ఓడలు పంపే కొలతలు వాడుకుంటారు. అలా తెలిసింది నాకు."

డయానా మొగుడి మొహంలోకి చూసింది. "అయితే అదే అడగొచ్చు కదండీ?"

"ఏది?"

"ఆ రిపోర్టే! సేఫేనా అని కాదు. రిపోర్టు వచ్చిందా, వస్తే ఎక్కడినుంచి వచ్చింది అని."

యెహెజ్కేలు కళ్లు పెద్దవి చేసి ఆవిణ్ణి చూశాడు. నాలుగేళ్లుగా గోడమీద మ్యాపును తిడుతున్న మనిషి, తనకు తట్టని మాట ఒక్క ముక్కలో చెప్పింది. ముంబైలో ఆఫీసు అప్పటికే మూసేసి ఉంటారు. పొద్దున్న చేద్దామనుకున్నారు. అబిగైల్‌ను డయానా ఆ పూట తమ ఇంట్లోనే పడుకోబెట్టుకుంది.

గురువారం పొద్దున్న పదింటికి ముగ్గురూ ఎక్స్‌రే గదిలో చేరారు. మెయింటెనెన్స్ చూసే ఇస్తారి అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు. ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయని పిలిపించారు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. తుఫాను నాడు మంచాల రెండో కొస పట్టుకుని పైకి మోసింది ఆయనే. సంగతి తెలిశాక స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని పైనుంచే అన్నాడు.

"బిడ్డా, నువ్వు రంది పెట్టుకోకు. గా దినం నీళ్లల్ల నిలవడ్డప్పుడు నేను సచ్చిన్ననే అనుకున్న. ఈ సారు ఇంక రెండు గంటలు ఓపిక పట్టు ఇస్తారీ అన్నడు. సరిగ్గ రెండు గంటలకే గాలి జారింది. ఆయనకు ఎరుకైతది."

అంత నమ్మకం పెట్టుకుంటే యెహెజ్కేలుకు ఇంకా భయమేసింది. స్పీకరు ఆన్ చేసి ముంబై నంబరు నొక్కాడు. ఎవరో కుర్రగొంతు హిందీలో పలికింది. ఓడ పేరు చెప్పగానే అందుకుంది. సబ్ సేఫ్ హై సార్, టెన్షన్ మత్ లీజియే.

"సంతోషం," అన్నాడు యెహెజ్కేలు తన గల్ఫ్ హిందీలో. "నాకు ఒక్కటే కావాలి బాబూ. నిన్నటి నూన్ రిపోర్టు మీకు వచ్చిందా లేదా? వస్తే దాంట్లో పొజిషన్ ఏమని ఉంది?"

 అవతల ఆ గొంతు కాస్త సర్దుకుంది. "మీరెవరు సార్? షిప్పుల్లో చేశారా?"

"లేదు. ఎక్స్‌రే టెక్నీషియన్ని."

 "ఏమన్నారు?"

"ఎక్స్‌రే. ఎముకలు. నా పక్కన మీ ఫిట్టరు భార్య ఉంది. నిన్నటినుంచి అన్నం తినలేదు. ఆ నంబర్లు చెప్తే తింటుంది."

ఆ కుర్రవాడు ఒక్క నిమిషం అన్నాడు. ఆ నిమిషం మూడు నిమిషాలయింది. ఫోనులో ఏదో వాయిద్యం మోగుతూ ఉంది. నిచ్చెన మీద ఇస్తారి కదలకుండా నిలబడిపోయాడు. అబిగైల్ డయానా చెయ్యి పట్టుకుంది. తర్వాత గొంతు మళ్లీ వచ్చింది, ఈసారి చదువుతున్నట్టుగా. నిన్నటి రిపోర్టు వచ్చింది. అక్షాంశం ఇరవైయ్యారు డిగ్రీల ముప్పై అయిదు నిమిషాలు ఉత్తరం. రేఖాంశం డెబ్బై తొమ్మిది డిగ్రీల పది నిమిషాలు పడమర.

యెహెజ్కేలు ఫిల్ము కవరు వెనక రాసుకున్నాడు. "డెబ్బై తొమ్మిదా? డెబ్బయ్యా?"

"డెబ్బై తొమ్మిది సార్."

"పడమరా?"

"పడమరే."

ఫోను పెట్టేసి గోడ దగ్గరికెళ్లాడు. పచ్చ గుండుసూది తీసి, వేలితో గీతలు పట్టుకుంటూ పోయాడు. వేలు ఆయన అనుకున్న చోటికి పోలేదు. తుఫానుకు ఎడమపక్కన ఎక్కడో ఉండాలని తను లెక్కగట్టిన ఓడ, అక్కడికి మూడు వందల మైళ్లు వెనక్కి, బహామా దీవులు కూడా దాటి, అమెరికా ఒడ్డు దగ్గర ఉంది. నమ్మబుద్ధి కాలేదు. ఆ కుర్రవాడు తప్పు చదివాడేమో. కాగితం మీద లెక్కేశాడు. సోమవారం నుంచి బుధవారం మధ్యాహ్నం దాకా ఎన్ని గంటలు, మూడు వందల ఇరవై మైళ్ల దూరానికి ఎన్ని గంటలు పడుతుంది. సరిపోయింది. మధ్యలో పది గంటలో పన్నెండు గంటలో ఎక్కడో ఆగినా కూడా సరిపోయింది. ఇంజను లేని ఓడ తుఫానును తప్పించుకుని అంత దూరం పోలేదు.

గుండుసూది గుచ్చి వెనక్కి తిరిగాడు. నవ్వొస్తోంది, కళ్లలో నీళ్లు కూడా వస్తున్నాయి.

"నేను చెప్పింది తప్పమ్మా! మొత్తం తప్పు! మీ కెప్టెన్ నాకంటే తెలివైనోడు. పక్కన నిలబడలేదు, ముందుకూ పోలేదు. వచ్చిన దారినే వెనక్కి తిప్పేశాడు. ఇదిగో, ఇక్కడున్నారు. ఈ దీవి చాటున. తుఫాను ఇక్కడ, ఓడ అక్కడ. మధ్య నాలుగు వందల మైళ్లు!"

అబిగైల్ ఆ పచ్చ గుండుసూదిని చూస్తూ మెల్లగా గోడకు జారి నేలమీద కూర్చుండిపోయింది. డయానా కూడా పక్కనే కూలబడి ఆమెను దగ్గరికి తీసుకుంది. అప్పటిదాకా ఏడవని పిల్ల ఇప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది.

ఇస్తారి నిచ్చెన దిగాడు. "ఏమైంది సారూ? పడవ దొరికిందా?"

"దొరికింది ఇస్తారీ."

"మరి గట్ల నెత్తి కొట్టుకోని తప్పు తప్పు అంటున్నరు? నా పాణం పోయింది గాదు!"

ఏడుస్తూనే అబిగైల్ నవ్వింది. మొహం తుడుచుకుని లేచింది. నర్సు కదా, తర్వాతి ప్రశ్న ఆమే అడిగింది. "రిపోర్టు వచ్చిందంటే లోపల మనుషులందరూ బాగున్నట్టేనా బ్రదర్?"

ఈసారి ఆయన చెయ్యి చెవి దగ్గరికి పోలేదు. "ఓడ బాగున్నట్టమ్మా. మనుషుల సంగతి ఆ నంబర్లలో తెలీదు. కానీ ఇంజను ఆగినా మళ్లీ తిరిగిందంటే, తిప్పిన చేతులు బాగున్నట్టే కదా."

ఆ మాట చాలు అన్నట్టు ఆమె డ్యూటీకి వెళ్లిపోయింది. వెళ్తూ కాకినాడకు ఫోను చేసింది. కారిడార్ పొడుగునా ఆమె గొంతు వినబడుతూనే ఉంది. "అత్తయ్యా, లేవండి, లేచి మొహం కడుక్కోండి, చెప్తాను..."

గురువారం సాయంత్రాలు యెహెజ్కేలు ఇంట్లో ప్రార్థన కూటం ఉంటుంది. ఖబూరా చుట్టుపక్కల ఉన్న ఏడెనిమిది తెలుగు కుటుంబాలు వస్తాయి. షినాస్ ఊరి నుంచి గంట ప్రయాణం చేసి, కూటం నడిపించే ఆండ్రూ గారు వస్తారు, గిటారుతో. ఆ సాయంత్రం అయిదయ్యేసరికి డయానా వంటింట్లో కూటం తర్వాత భోజనాలకు చేపల పులుసు కాస్తోంది. అబిగైల్ డ్యూటీ దిగి వచ్చి చాపలు పరుస్తోంది. ఆమె ఫోను మోగింది. తెలియని నంబరు. ఏ దేశానిదో కూడా తెలియని నంబరు.

"హలో?"

"అబీ, నేనే."

ఆమె చాప మీదే కూర్చుండిపోయింది.  నోట వచ్చిన మొదటి మాట తిట్టు. "నీకు బుద్ధుందా? నాలుగు రోజులు! నాలుగు రోజులు నేనేమైపోయానో తెలుసా నీకు?"

"నేనేం చేసేదే, పైన యాంటెన్నా ఎగిరిపోయింది. ఇంటర్నెట్ లేదు. కెప్టెన్ దగ్గర ఒక్క శాటిలైట్ ఫోన్, అది ఆఫీసుకే. ఇప్పుడు దీవి దగ్గరికొచ్చాం కదా, ఇక్కడి సిమ్ము బోసన్ దగ్గర, అదే డెక్కు మేస్త్రీ దగ్గరుంటే అడిగి చేస్తున్నా. అందరం బాగానే ఉన్నాం. నాకు వేలొకటి నలిగింది, అంతే."

"ఏ వేలు? వాచిందా? కదుల్తోందా?"

వంటింట్లోంచి డయానా గరిటె పట్టుకునే వచ్చేసింది. అప్పుడే లోపలికొచ్చిన ఆండ్రూ గారు గిటారు సంచీ భుజాన అలాగే ఉంచుకుని గుమ్మంలో నిలబడిపోయారు. అబిగైల్ స్పీకరు ఆన్ చేసింది. స్యాం గొంతు అలల మధ్య ఊగుతున్నట్టు ఒకసారి గట్టిగా, ఒకసారి సన్నగా వినబడింది. సోమవారం మధ్యాహ్నం ఇంజనుకు నూనె అందించే పంపు పగిలింది. ఓడ అడ్డం తిరిగి రెండు పక్కలకీ పొర్లుతుంటే, సెకండ్ ఇంజనీరూ తనూ తాళ్లతో కట్టుకుని స్పేర్ పంపు బిగించారు. పదకొండు గంటలు పట్టింది. ఇంజను తిరిగిన శబ్దం వినగానే సెకండ్ ఇంజనీరు, యాభై ఏళ్ల మనిషి, నేలమీద పడుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడట. కెప్టెన్ ఇంక దేనికీ చూడకుండా ఓడను వెనక్కి తిప్పేశాడు.

"మీరెక్కడున్నారో మాకు పొద్దున్నే తెలుసు," అంది అబిగైల్. "ఇరవైయ్యారు, డెబ్బై తొమ్మిది."

అవతల ఆశ్చర్యం. "నీకెలా తెలుసే?"

"యెహెజ్కేలు బ్రదర్ గారు కనుక్కున్నారు. ఇదిగో, ఆయన్తో మాట్లాడు."

యెహెజ్కేలు ఫోను అందుకున్నాడు. ఎలా ఉన్నావు బాబూ అన్నాడు. దేవుడు కాపాడాడు అన్నాడు. వేలికి ఎక్స్‌రే తీయించుకో, పోర్టుకు రాగానే, అన్నాడు. అక్కడితో ఆగిపోయాడు. ఇంకేదో అడగాలని ఉంది, నాలిక చివరిదాకా వచ్చి ఆగుతోంది. డయానా పెదాలు బిగబట్టింది. అబిగైల్ ఆయన మొహం చూసింది. ఈ మనిషికి ఏం కావాలో ఆమెకు అర్థమైంది. నిన్న క్యాంటీన్‌లో ఆయన వేసిన కేక కూడా గుర్తొచ్చి ఉంటుంది. అయినా ఆమె మొహంలో కోపం లేదు.

"అడగండి బ్రదర్. ఏం అడగాలనుందో అడగండి. ఇప్పుడు పర్వాలేదు."

"అది కాదమ్మా, బాగోదు..."

"అడగమంటున్నాను కదండీ."

యెహెజ్కేలు గొంతు సవరించుకున్నాడు. "బాబూ, ఓడలో బేరోమీటర్ ఉంటుంది కదా. తక్కువలో తక్కువ ఎంత చూపించింది?"

స్యాం పగలబడి నవ్వాడు. అది కూడా అలల మీద ఊగుతూనే వచ్చింది. "వెయ్యిన్నొకటి మిల్లీబార్లకి పడిందండి. కెప్టెన్ గంటగంటకీ రాయించాడు. అలలు ఆరు మీటర్లన్నారు. నాకైతే మా కాకినాడ వాటర్ ట్యాంకులంత కనబడ్డాయి. ఆ కాగితం ఫోటో తీసి పంపిస్తాను బ్రదర్, యాంటెన్నా బాగయ్యాక."

"పంపించు బాబూ. తొందరేం లేదు," అన్నాడు యెహెజ్కేలు. పెద్ద మనిషిలా చెప్పబోయాడు గానీ సంబరం గొంతులోంచి తప్పించుకుని బయటపడింది. గుమ్మంలో ఆండ్రూ గారు కూడా నవ్వేశారు.

తర్వాత ఫోను పట్టుకుని అబిగైల్ బాల్కనీలోకి వెళ్లింది. ఎదురు వీధి చివర సముద్రం నున్నగా, కదలనట్టుగా ఉంది. జాలర్లు పడవలు ఒడ్డుకు లాగుతున్నారు. ఆమె మాటలు లోపలికి వినబడలేదు, అప్పుడప్పుడూ నవ్వు మాత్రం వినబడింది. బోసన్ సిమ్ములో బ్యాలెన్సు అయిపోయేదాకా మాట్లాడింది.

ఆ రోజు కూటంలో ఎవరూ పొడుగు ప్రార్థనలు చేయలేదు. ఆండ్రూ గారు రెండు పాటలు పాడించి, నడిసముద్రంలో ఉన్నవాళ్లందరి కోసం నాలుగు మాటలు చెప్పి ముగించేశారు. మారియెటా ఏ ఊరినీ తాకకుండా ఉత్తరానికి పోతోందని యెహెజ్కేలు చెబితే, ఆ మాట కూడా ప్రార్థనలో కలిపారు. ఇస్తారి కూటానికి రాడు గానీ, పులుసు వాసన పట్టుకుని భోజనాల వేళకు వచ్చాడు. పడవ పిల్లగాడు మాట్లాడిండట గదా అని గుమ్మంలోంచే అడిగాడు.

డయానా వడ్డించడం మొదలుపెట్టింది. అబిగైల్ కంచం ముందుకు లాక్కుని, ఎవరికోసం ఆగకుండా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మూడు ముద్దలయ్యాక తలెత్తి, "అక్కా, ఇంకొంచెం అన్నం పెట్టండి. తల ముక్క ఉందా?" అంది.

"ఉంది తల్లీ, నీకోసమే తీసిపెట్టాను," అని డయానా వంటింట్లోకి వెళ్లింది.